బంతి మోయని ఐదుగురు

2023 నవంబరు 11, శనివారం. మర్నాడు దీపావళి కావడంతో మా వంటింట్లో బూరెల కోసం పూర్ణం ఉడుకుతోంది. ముందుగదిలో నేను పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంతో మిషిగన్ విశ్వవిద్యాలయ జట్టు ఆడుతున్న అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేతబట్టి పరుగెత్తో, విసిరో ముందుకు తీసుకుపోయే ఆట) చూస్తున్నాను. లక్షమందికి పైగా పట్టే బీవర్ స్టేడియంలో, రెండు వైపులా బలమైన డిఫెన్స్‌లున్న పోటీ అది. మిషిగన్ ప్రధాన కోచ్ జిమ్ హార్బాపై ఆ జట్లు ఆడే లీగ్ బిగ్ టెన్ నిషేధం విధించినందువల్ల ఆ రోజు జట్టును నడిపే బాధ్యత షెరోన్ మూర్ మీద పడింది. ఆయన అప్పటికే లైన్‌మెన్‌కు, అంటే ఎదుటివాళ్లను నెట్టి దారి చేసే ముందు వరుసవాళ్లకు, కోచ్; తన చేతిలో తయారైన కుర్రాళ్ల మీద ఆయనకు ఎంత నమ్మకమో ఆ మధ్యాహ్నం తెలిసింది. ఆట చివరి 32 ఎత్తుల్లోనూ, అంటే ప్రయత్నాల్లోనూ, మిషిగన్ బంతిని చేత పట్టుకుని పరుగెత్తింది తప్ప, లెక్కలోకెక్కిన పాస్ ఒక్కటి కూడా విసరలేదు. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ జె.జె. మెకార్తీ ఆట మొత్తంలో విసిరినవి ఎనిమిదే. 46 పరుగుల్లో 227 గజాలు సాధించి, మిషిగన్ 24-15తో గెలిచింది.

ఏం చేయబోతున్నారో స్టేడియంలో అందరికీ తెలిసిపోయాక కూడా ఆపలేకపోవడం ఎలా సాధ్యమైందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. పండుగ అయిన తరువాత ఆ రికార్డింగును ఒకటికి నాలుగుసార్లు వేసుకుని, ఈసారి బంతి మీది నుంచి చూపు తప్పించి, ముందు వరుసలోని ఐదుగురినే చూశాను. సెంటర్ డ్రేక్ నుజెంట్, ఆయనకు అటూ ఇటూ గార్డ్‌లు ట్రెవర్ కీగన్, జాక్ జింటర్, వారి పక్కన ఇద్దరు టాకిల్‌లు. స్నాప్ పడిన, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించిన, తొలి క్షణంలో వీళ్ల మొదటి అడుగు చాలా చిన్నది, జానెడుకు మించదు. కానీ రెండో అడుగు నేలను తాకేలోపే రెండు చేతులూ ఎదుటివాడి రొమ్ము మీద ఆనాలి. నడుము వంగకూడదు, మోకాళ్లు వంగాలి. ఎవడి భుజాలు కిందుగా ఉంటే వాడిదే పైచేయి.

మన కబడ్డీ చూస్తూ పెరిగినవారికి ఇక్కడే చిక్కు వస్తుంది. కబడ్డీలో ప్రత్యర్థిని పట్టుకోవడమే పనితనం. ఇక్కడ బ్లాక్ చేసేవాడు ఎదుటివాడి జెర్సీ పట్టి లాగినట్టు అంపైర్ కంట పడితే పది గజాలు వెనక్కి పోవాలి. అంటే పట్టకుండా, పడదోసే అవకాశం కోసం ఆగకుండా, కాళ్లు ఆడిస్తూ కేవలం నెట్టుకుంటూ పోవాలి. దీనికి తోడు జంటగా చేసే పని మరొకటి ఉంది, దాన్ని డబుల్ టీమ్ అంటారు. నుజెంట్, జింటర్ కలిసి ఎదుటి జట్టు ముందు వరుసలోని ఒక భారీ డిఫెన్సివ్ టాకిల్‌ను తుంటికి తుంటి ఆనించి వెనక్కి తోస్తారు. తోస్తూనే ఒక కన్ను ఆ టాకిల్ వెనక కాపు కాసే లైన్‌బ్యాకర్ మీద ఉంచుతారు. అతడు ఎటు కదిలితే అటువైపు ఉన్నవాడు జంట నుంచి విడిపోయి అతడిని అందుకుంటాడు. తొందరపడి ముందే విడిపోతే టాకిల్ చొచ్చుకు వస్తాడు, ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ ఖాళీని పూడుస్తాడు. ఆ అరక్షణం నిర్ణయం మాటల్లేకుండా ఇద్దరికీ ఒకేసారి తట్టాలి, అది ఏళ్ల తరబడి పక్కపక్కన నిలబడితేనే వచ్చే విద్య.

వెనక ఉన్న బ్లేక్ కోరమ్‌కు దీని విలువ బాగా తెలుసు. పొట్టిగా, గట్టిగా ఉండి బంతి పట్టుకుని పరుగెత్తే ఈ రన్నింగ్ బ్యాక్ లైన్‌మెన్ వీపుల వెనక ఒక్క క్షణం తాత్సారం చేసి, లైన్‌బ్యాకర్ ఏదో ఒక ఖాళీకి కట్టుబడేదాకా ఆగి, ఆ తరువాతే రెండో ఖాళీలోకి దూరుతాడు. నాలుగో క్వార్టర్‌లో అతడు 30 గజాలు పరుగెత్తి, ఎదుటివాళ్ల చివరి గీత దాటి కొట్టిన టచ్‌డౌన్‌తోనే పెన్ స్టేట్ ఆశ అడుగంటింది. పెద్ద పరుగు ఒక్కటే కళ్లకు కనిపిస్తుంది గానీ, అంతకు ముందు మూడేసి, నాలుగేసి గజాలు వచ్చిన పరుగులే డిఫెన్స్ కాళ్లలో సత్తువ తీసేశాయని నా గట్టి అభిప్రాయం.

ఇది ఒక్క ఏడాదిలో కుదిరిన వరుస కాదు. 2021 నవంబరులో ఒహాయో స్టేట్‌పై హసాన్ హాస్కిన్స్ ఐదు టచ్‌డౌన్లు చేసిన నాడే ఈ తీరు స్థిరపడింది. దేశంలో ఉత్తమ ఆఫెన్సివ్ లైన్‌కు, అంటే ఇలాంటి ముందు వరుసకు, ఉమ్మడిగా ఇచ్చే జో మూర్ అవార్డు 2021లోనూ, 2022లోనూ మిషిగన్‌కే వచ్చింది. ఐదుగురిలో ఏ ఒక్కరి పేరు మీదా కాకుండా వరుస మొత్తానికి ఇవ్వడమే ఆ అవార్డులో నాకు నచ్చిన సంగతి. 2023లో అది వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి దక్కింది. 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో జాతీయ విజేతను తేల్చే ఆటలో అదే వాషింగ్టన్‌పై మిషిగన్ 303 గజాలు పరుగెత్తి 34-13తో గెలిచింది.

అయినా నేను మళ్లీ మళ్లీ వేసుకుని చూసేది ఆ ఆట కాదు. 2023 నవంబరు 25న ఒహాయో స్టేట్‌తో 17-17గా ఉన్నప్పుడు, మూడో క్వార్టర్ చివర జింటర్ కాలు విరిగింది. బండి మీద అతడిని బయటకు తీసుకువెళుతుంటే స్టేడియమంతా నిలబడి అతడి పేరు పలికింది. కుడి టాకిల్ కార్సెన్ బార్న్‌హార్ట్ గార్డ్ స్థానంలోకి జరిగాడు, అతడి చోటికి ట్రెంటే జోన్స్ వచ్చాడు. మరుసటి ఎత్తులోనే కోరమ్ 22 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, చేసి వేళ్లతో ముందు ఆరు, తరువాత ఐదు చూపించాడు. జింటర్ జెర్సీ మీది అంకె 65.