ఈగ ఎంత తిన్నదో తెలియకుండా విషప్రభావం లెక్క తేలదు

అంత చిన్న ఈగపై చేసిన పరీక్ష మనిషికి ఏ విధంగా వర్తిస్తుందని పండ్ల ఈగలతో పనిచేసే మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. మనుషుల్లో వ్యాధులతో సంబంధమున్న జన్యువుల్లో సుమారు 75 శాతానికి డ్రోసోఫిలాలో, అంటే ఈ పండ్ల ఈగలో, సాటి జన్యువులు ఉన్నాయి. పైగా 25 డిగ్రీల సెల్సియస్ వద్ద గుడ్డు దాదాపు పది రోజుల్లోనే రెక్కల ఈగగా మారుతుంది కాబట్టి, ఒక రసాయనం తర్వాతి తరంపై చూపే ప్రభావాన్ని కూడా త్వరగా గమనించవచ్చు. ఎక్స్-కిరణాలు జన్యువులను మారుస్తాయని 1927లో జన్యుశాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ తేల్చింది ఈ ఈగల్లోనే. యుద్ధంలో వాడిన విషరసాయనం మస్టర్డ్ గ్యాస్ కూడా ఆ పని చేయగలదని 1940లలో షార్లెట్ ఆవర్‌బాక్ బృందం వీటితోనే రుజువు చేసింది.

నన్ను కలవరపెట్టే విషయం వేరే ఉంది. మేతలో ఎంత రసాయనం కలిపామన్నదే మోతాదుగా చాలా చోట్ల రాస్తుంటారు, కానీ ఈగ కాళ్లతోనూ రుచి చూస్తుంది. చేదు తగిలితే తినడం తగ్గిస్తుంది. రోటెనోన్ వంటి పురుగుమందును పరీక్షించేటప్పుడు గొట్టాన్ని బల్లపై తట్టి, అడుగున పడిన ఈగలు నిర్ణీత సమయంలో గీత దాటి పైకి ఎక్కుతాయో లేదో లెక్కిస్తాం. ఎక్కలేక మధ్యలోనే ఆగిన ఈగకు నాడీకణాలు దెబ్బతిన్నాయా, లేక అది ఆకలితో నీరసించిందా? తిన్న పరిమాణాన్ని కొలవకపోతే ఈ రెండింటినీ విడదీయలేం.

మేతలో నీలిరంగు కలిపితే పల్చటి పొట్టలోంచి ఆ రంగు బయటికే కనబడుతుంది. ఈగలను నీటిలో నూరి, రంగు గాఢతను కొలిస్తే కొద్దిసేపట్లో ఎంత తిన్నాయో అంచనా దొరుకుతుంది. ఎక్కువ సమయానికైతే సన్నని గాజునాళికలో ద్రవాహారం పెట్టి, అది ఎంత దిగిందో చూడడం మేలు. అయితే ఈగలు లేని గొట్టాన్ని కూడా పక్కనే ఉంచి, ఆవిరైపోయిన భాగాన్ని లెక్కలోంచి తీసివేయాలి. గుడ్లు పెట్టే ఆడ ఈగలు మగవాటికన్నా ఎక్కువ తింటాయి కనుక రెండింటినీ కలిపి లెక్కించడం నాకు సమ్మతం కాదు.

ఈగకు ఊపిరితిత్తులు లేవు, కాలేయం చేసే పనుల్లో కొన్నింటిని దాని కొవ్వు కణజాలం నిర్వహిస్తుంది. అందువల్ల పీల్చే విషాల విషయంలో ఈగ ఫలితాన్ని నేరుగా మనిషికి అన్వయించను. నోటి ద్వారా చేరే వాటికి మాత్రం, ఎలుకల వరకు వెళ్లక ముందే వందల పదార్థాలను వడపోయడానికి దీన్ని నిస్సంకోచంగా ఎంచుకుంటాను. తిన్న మోతాదు పట్టికను ఫలితాల పక్కనే జతచేస్తాను.