ఖాళీగా కనిపించిన నేల

అబుదాబిలో నా ఉద్యోగం, నేలలోని పైపులనూ కేబుళ్లనూ తవ్వకముందే రాడార్‌తో గుర్తించడం. చిన్న బండికి అమర్చిన 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నాను ఎండ ముదరకముందే నిలువు, అడ్డం వరసల్లో నడిపించి, అది నేలలోకి పంపిన రేడియో తరంగాలు తగిలి తిరిగొచ్చి గీసిన చిత్రాల ముందు మధ్యాహ్నం కూర్చుంటాం. వాటిలో పైపు పైపులా కనిపించదు. తరంగం కిందికి పోతూ విచ్చుకుంటుంది కాబట్టి, బండి పైపును సమీపించేటప్పుడూ దాటిపోయేటప్పుడూ అది ఆలస్యంగా, సరిగ్గా పైకి చేరినప్పుడు త్వరగా తిరిగి వస్తుంది. తెర మీద బోర్లించిన మూకుడులాంటి వంపు ఏర్పడుతుంది. ఆ వంపు నడినెత్తి కిందే పైపు.

అంతటితో లోతు తేలదు, యంత్రం చెప్పేది కాలాన్ని మాత్రమే. పోయి రావడానికి 20 నానోసెకన్లు పట్టిందనుకుంటే, నానోసెకనుకు సుమారు 15 సెంటీమీటర్లు పోయే పొడి ఇసుకలో పైపు మీటరున్నర లోతున ఉన్నట్టు. వేగం 6 సెంటీమీటర్లకు పడిపోయే తడి ఇసుకలో 60 సెంటీమీటర్లకే ఉన్నట్టు. గడ్డపార పట్టిన మనిషికి అది చిన్న తేడా కాదు.

తీరం వెంబడి సబ్ఖా అనే ఉప్పునేలలో ఆ వంపు కూడా దొరకదు. నేను చినగంజాం ఉప్పు మడుల మధ్య పెరిగినవాణ్ని. అడుగు పెట్టగానే పైపొర కింద ఊరే ఉప్పునీరు నాకు తెలిసిపోతుంది. ఆ నీరు విద్యుత్ వాహకం కనుక తరంగాన్ని పీల్చేస్తుంది, అరమీటరు దిగువన తెర శుభ్రంగా, ఖాళీగా ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం ఆ శుభ్రమైన చిత్రమంటేనే.

ఒక సైటులో కాంట్రాక్టరు ఇంజినీరు అలాంటి చిత్రాన్నే చూపించి, మర్నాడు తవ్వే యంత్రం దిగాలి, ఏమీ లేదని రాసివ్వమన్నాడు. “అరమీటరు కింద చూడలేకపోయాం” అని రాశాను. లేదనడం వేరు, చూడలేకపోయామనడం వేరు. రెండో మాట రాస్తే పని ఆగుతుందని తెలిసినా అదే రాయాలి. వాదన తరువాత చేతితో గుంత తవ్వించడానికి ఒప్పుకున్నారు.

తవ్వడానికి దిగిన జగిత్యాల కుర్రవాడు, “అన్నా, కింద ఏమన్న ఉన్నదా?” అని అడిగాడు.

“తెలియదు తమ్ముడూ, మెల్లగా తవ్వు.”

80 సెంటీమీటర్ల దగ్గర హెచ్చరిక టేపు కొస తేలింది. అతను గడ్డపార పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చొని, తడి ఇసుకను చేతులతో తోడాడు. టేపు కింద ప్లాస్టిక్ గ్యాస్ పైపు ఉంది; లోహం కాదు కనుక కేబుల్ లొకేటర్‌కూ చిక్కలేదు.