చరణానికీ చరణానికీ మధ్య

మొన్న ఆదివారం గుంతకల్లులో మా చిన్నాయన జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆయనకు ఇష్టమైన 150వ కీర్తన చదివి పాటలు మొదలుపెట్టారు. మన పిల్లలు కీబోర్డులో రెడీమేడ్ రిథమ్ వేసి వదిలేశారు. అది ఎవరి కోసమూ ఆగదు కదా. రెండో చరణానికే ముందు వరుసలోని ముసలివాళ్లు నోరు మూసుకుని, పుస్తకంలోకి చూస్తూ నిలబడిపోయారు. "సకలప్రాణులు యెహోవాను స్తుతించుదురు గాక" అని చదివి పట్టుమని పది నిమిషాలు కాలేదు!

ఆ వచనంలో 'ప్రాణులు' అన్నచోట హీబ్రూలో ఉన్న మాట 'నెషామా'. అంటే ఊపిరి. ఆదికాండము రెండో అధ్యాయంలో నేలమంటి నరుడి ముక్కులో దేవుడు ఊదిన జీవవాయువుకూ ఇదే మాట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఆ కీర్తన వేరేగా వినిపిస్తోంది. బూర, స్వరమండలము, సితారా, తంబుర, పిల్లనగ్రోవి, తాళములు అన్నీ వరసగా చెప్పుకొచ్చి, చివరికి వాటన్నిటినీ పక్కన పెట్టి అడిగింది ఊపిరినే. ఆయన ఊదినదే మళ్లీ ఆయనకు ఇమ్మంటున్నాడు.

చిన్నాయనకు హీబ్రూ రాదు, గాలి సంగతి మాత్రం బాగా తెలుసు. రైల్వేలో 30 ఏళ్లకు పైగా బోగీల కింద దూరి బ్రేకులు చూసిన ఫిట్టరు. మొదట్లో వ్యాక్యూమ్ బ్రేకులు. పైపులోంచి గాలి లాగేస్తేనే చక్రం వదులుతుంది, బయటి గాలి చొరబడితే పట్టేస్తుంది. తర్వాత వచ్చిన ఎయిర్ బ్రేకు దీనికి తలకిందులు. పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కేజీల ఒత్తిడి నిలబడాలి, కారిపోతే బండి కదలదు. చర్చిలో మూలపడిన పాత పెడల్ ఆర్గన్‌ను విప్పి చూసి, "ఇది మన వ్యాక్యూమే కదప్పా!" అని మురిసిపోయాడు. కాళ్లతో తొక్కితే తిత్తి గాలిని లాగుతుంది, బయటి గాలి ఇత్తడి రీడ్ల మీదుగా లోపలికి దూరుతూ పలుకుతుంది. ఆయన సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. డ్యూటీ దిగి వచ్చి, గ్రీజు మరక వదలని వేళ్లతోనే పట్టుబట్టి సాధించాడు.

ఒకసారి ఎలుకలు తిత్తి కొరికాయి. చిల్లి ఎక్కడో తెలియదు. ఆయన అగరుబత్తి వెలిగించి ఆర్గన్ చుట్టూ తిప్పుతుంటే పాస్టరుగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "పూజ కాదయ్యగారూ, పొగ ఎటు లాగుతాందో చూస్తాండా" అన్నాడు. పొగ సన్నని దారంలా ఒకచోట లోపలికి పోయింది. అక్కడ తోలుముక్క అతికించాడు.

ఆర్గన్ మీద గడ్డం గీసుకునే చిన్న అద్దం ఒకటి పెట్టుకునేవాడు. నేను చిన్నప్పుడు తల దువ్వుకోవడానికి అనుకున్నాను. అందులో ముందు వరుస కనిపిస్తుంది. చరణం అయిపోగానే చేతులు ఎత్తేసి, ముసలివాళ్ల భుజాలు పైకి లేచేదాకా చూసి, అప్పుడు మెట్ల మీద వేళ్లు పెట్టేవాడు. ఎందుకు ఆగుతావని అడిగితే, "ఊపిరి తీసుకోవల్ల గదా" అన్నాడు, అంతే.

ఆస్పత్రిలో చివరి రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. కళ్లు మూసుకునే, "జాయింటు కాడ కారతాంది, సూడప్పా" అన్నాడు. నర్సమ్మ ఏం లేదు పొమ్మంది. నేను చెయ్యి పెట్టి చూశాను. నిజమే, వేలికి చల్లగా తగిలింది.

కీబోర్డు వాయించే తమ్ముళ్లారా, మిమ్మల్ని తిట్టడానికి రాయలేదు. మీ వేళ్లు చిన్నాయన వేళ్లకంటే చురుకు. ఆ రిథమ్ ఒక్కటి ఆపండి. చరణం అయ్యాక చేతులు ఎత్తండి, ముందు వరుస వైపు చూడండి, వాళ్ల భుజాలు లేచాకే మొదలుపెట్టండి. అద్దం ఇంకా అక్కడే ఉంది. దుమ్ము పట్టింది, తుడుచుకోండి.