మస్కట్ ప్లగ్గు, పర్లాకిమిడి సాకెట్టు

మస్కట్‌లో హోటల్ ఫంక్షన్లకు సౌండ్ పెట్టే పని నాది. మా గదిలో శ్రీకాకుళం వాళ్లూ, సరిహద్దుకు ఇవతల ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం తెలుగువాళ్లూ కలిసే ఉంటాం. సెలవు దగ్గరపడితే ఖర్జూరాలు, సెంటు సీసాలతో పాటు ఎవరో ఒకరి పెట్టెలో యాంప్లిఫయరో స్పీకరో ఉంటుంది. ఊళ్లో దిగాక నాకు ఫోనొస్తుంది: "అన్నయ్యా, దీని పిన్ను మన గోడలో దిగట్లేదు!"

ఒమన్‌లో బ్రిటిష్ పద్ధతి, మూడు చదును పిన్నులు. మనవి గుండ్రం. కరెంటు మాత్రం అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే: అక్కడ 240 వోల్టులు, మనకు 230, రెండుచోట్లా 50 హెర్ట్జ్. కాబట్టి అక్కడి యాంపు ఇక్కడ హాయిగా నడుస్తుంది. అలాగని వైరు కోసి గుండ్రం ప్లగ్గు బిగించేస్తే ఒకటి పోతుంది. బ్రిటిష్ ప్లగ్గు లోపల చిన్న ఫ్యూజు ఉంటుంది, 3 ఆంపియర్లదో 13 ఆంపియర్లదో. సన్నటి వైరును కాపాడేది అదే. మన ప్లగ్గులో అది ఉండదు. అసలు చాలా యాంపులకు వైరు ఊడివస్తుంది, కంప్యూటర్ వెనక పెట్టే కేబులే దానికీ సరిపోతుంది. బజార్లో ఐఎస్ఐ గుర్తున్నది కొనుక్కుంటే కోసే పనే లేదు. పిన్ను మార్చే చవక కన్వర్టర్లు మాత్రం వద్దు. వదులుగా కూర్చుని, పెద్ద సౌండ్ పెట్టగానే వేడెక్కుతాయి.

అమెరికా నుంచి వచ్చిన సరుకు సంగతి వేరు. వెనక రేకు మీద 100-240 అని ఉంటే సరే. వట్టి 120 అని ఉంటే వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టారో, కాలిపోతుంది. కన్వర్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు.

నన్ను నిజంగా భయపెట్టేది ఎర్త్ పిన్ను, అదే ప్లగ్గులోని లావు పిన్ను. శ్రీరామనవమికి పర్లాకిమిడిలో మా వీధి గుడి దగ్గర భజన. మైకుల సౌండు కలిపే మిక్సర్‌కు కరెంటు గుడి బోర్డు నుంచి, యాంపుకు ఎదురింటి నుంచి లాగారు. స్పీకర్లు ఒకటే గుయ్యిమంటున్నాయి. మా పిన్ని కొడుకు కటింగ్ ప్లయర్ పట్టుకుని యాంపు ప్లగ్గు దగ్గర కూర్చున్నాడు. "ఈ లావు పిన్ను తీసేస్తే మోత ఆగిపోద్ది అన్నియ్యా."

ఆగుతుంది, నిజమే. అందుకే ఆ అలవాటు పోవట్లేదు. రెండు చోట్ల ఎర్త్ తగిలి, ఆడియో కేబులుతో కలిసి ఒక చుట్టు ఏర్పడుతుంది, ఆ చుట్టులో తిరిగే కరెంటే మోతగా వినిపిస్తుంది. ఎర్త్ పిన్ను తీస్తే చుట్టు తెగుతుంది. కానీ రేపు యాంపు లోపల ఫేజు వైరు రేకుకు తగిలితే ఆ కరెంటు భూమిలోకి పోయే దారీ ఉండదు. కేబులు వెంట మైకు దాకా వస్తుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో గిటారిస్టు లెస్లీ హార్వే, సరిగ్గా ఎర్త్ లేని మైకు ముట్టుకుని వేదిక మీదే షాక్ కొట్టి చనిపోయాడు. మన గుళ్లో పాడేవాళ్లు తడిసిన బండల మీద ఉత్తకాళ్లతో నిలబడతారు.

ప్లయర్ లాక్కుని, రెండింటికీ గుడి బోర్డు నుంచే కరెంటు ఇప్పించాను. మోత ఆగింది. ఆగకపోతే మిక్సర్‌కూ యాంపుకూ మధ్య ఆడియో కేబులులో, ఆ చుట్టును తెంపే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి తప్ప పిన్ను జోలికి పోకూడదు. చతురస్రంలో చతురస్రం గుర్తున్న రెండు పిన్నుల పరికరాలకు ఎర్త్ అక్కర్లేదు, వాటిని అలాగే తయారు చేస్తారు. మూడు పిన్నులతో వచ్చినదానికి మూడూ కావాలి.

సాకెట్‌లో మూడో కన్నం ఉన్నంత మాత్రాన వెనక వైరు ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో చాలాచోట్ల ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టించండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు 230 నిలకడగా చూపించాలి. అంకె తక్కువగా ఊగిసలాడుతుంటే ఆ బోర్డుకు సౌండ్ సెట్ తగిలించకండి, భజన మైకు లేకుండానే పాడుకోవచ్చు.