అవును, ఇవ్వలేదు

నేను ఇంగ్లండ్‌లో నర్సుని. సెలవు మీద విశాఖ వచ్చి రెండు వారాలైంది. మా పిన్ని కూతురు పెద్దాసుపత్రిలో నర్సు. ఇప్పుడు ఓఈటీకి, అంటే ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లిష్ పరీక్షకి, చదువుతోంది. డ్యూటీ దిగి, స్నానం చేసి, సాయంత్రం ఐదయ్యేసరికి పుస్తకం పట్టుకుని పెదవాల్తేరులో మా డాబా మీదికి వచ్చేస్తుంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని ఆ పరీక్ష నాలుగు భాగాలు. ఇంగ్లండ్‌లో నర్సుగా పేరు నమోదు కావాలంటే రాయడంలో 300, మిగతా మూడింట్లో 350 చొప్పున రావాలి. చెల్లి భయమంతా మాట్లాడే భాగం మీదే. చేతికి ఒక కార్డు ఇస్తారు. మూడు నిమిషాలు చూసుకోవచ్చు. తర్వాత ఐదు నిమిషాలు ఎదుటి మనిషి రోగి, మనం నర్సు. అలాంటివి రెండుంటాయి.

"అక్కా, నా నోట్లోంచి తెలుగు యాస పోవాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?" అని మొదటి రోజే అడిగింది.

పోనక్కర్లేదు అన్నాను. నమ్మలేదు. తెలుగు తగలకుండా మాట్లాడాలని కోచింగ్‌లో చెప్పారట. 2019లో నేను వెళ్ళే ముందు నాకూ అదే చెప్పారు. అక్కడికి వెళ్ళాక మొదటి ఏడాదంతా నా నోటిని నేనే అనుమానిస్తూ గడిపాను. కావలసిన శబ్దాల్లో చాలావాటికి దారి నా తెలుగులోనే ఉందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ ఏడాది అంత కష్టపడేదాన్ని కాదు. అందుకే దీనికి చెబుతున్నాను.

"మేక అను. ఇప్పుడు మేకు అను."

అంది. మళ్ళీ అనమన్నాను. మూడోసారికి దానికే వినబడింది. మేక అన్నప్పుడు నోరు బాగా తెరుచుకుంటుంది, మేకు అన్నప్పుడు అంతగా తెరుచుకోదు. రాతలో రెంటికీ ఒకటే ఏత్వం. నోట్లో మాత్రం రెండు వేరు వేరు అచ్చులు. మేకలో ఉన్నదాన్ని కాస్త పొట్టి చేస్తే బ్యాడ్. నోరు అంత తెరవకపోతే అది బెడ్ అయిపోతుంది. రోజూ వందసార్లు జాలారిపేట, కంచరపాలెం అని తిరిగే మనిషికి 'పేట'లో ఉన్న ఆ అచ్చుని ఇంకొకరు వచ్చి నేర్పాలా?

జ కూడా అంతే. జీతం, జేబు అన్నప్పటి జ వేరు, జడ, జొన్న, జున్ను అన్నప్పటి జ వేరు. పాత పుస్తకాల్లో ఈ రెండోదానికి ౙ అని గుర్తు ఉండేది. ఆ జడలోని జ పలికేటప్పుడు నాలుక కొన ఒక్క క్షణం ఆని వదులుతుంది. ఆననివ్వకుండా ఆ సందులోంచి గాలిని సాగదీస్తే డిజీ, జీరో వాళ్ళలాగే వస్తాయి. పిల్ల డాబా గోడకి ఆనుకుని పావుగంట తుమ్మెదలా జుమ్మంటూ కూర్చుంది. కింద నుంచి పిన్ని ఏమైందని కేకేసింది.

వ ఒక్కటీ నిజంగా కొత్తగా నేర్చుకోవాలి. మన వ వాళ్ళ రెండు శబ్దాలకీ మధ్యలో ఉంటుంది. వెయిన్ అనేటప్పుడు పై పళ్ళు కింది పెదవిని తాకాలి. వార్డ్ అనేటప్పుడు పళ్ళతో పని లేదు, ఊ అనబోతున్నట్టు పెదాలు ముడుచుకుని మొదలుపెట్టాలి. దీనికి అద్దమే గురువు.

ఫిఫ్టీన్, ఫిఫ్టీ సంగతి మాత్రం ప్రాణం మీదికి వచ్చే సంగతి. మొదటిదాంట్లో ఒత్తి పలికేది చివర, రెండోదాంట్లో ముందు. తెలుగులో ఒత్తి పలికే చోటు మారినంత మాత్రాన మాట అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. నేను ఇప్పటికీ మందు మోతాదు చెప్పేటప్పుడు ఫిఫ్టీన్ అని ఊరుకోను, వెంటనే వన్ ఫైవ్ అని అంకెలు విడదీసి చెబుతాను. అది చాతకానితనం కాదు, మంచి అలవాటు.

మాటల విషయంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. నేను చేరిన రెండో నెలలో ఎనభై దాటిన ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని "ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ, లవ్" అంది. పెన్నీ అంటే డబ్బులు. డబ్బు గురించి దిగులు పడుతోందనుకుని పక్కన కూర్చుని ధైర్యం చెప్పాను. ఆవిడ ఇంకోసారి అంది. నేను ఇంకోసారి ధైర్యం చెప్పాను. ఆవిడ పక్క తడిసిపోయాక గానీ నాకు తెలియలేదు. ఒకప్పుడు అక్కడ ఊళ్ళో మరుగుదొడ్డి తలుపు తాళంలో ఒక పెన్నీ వేస్తేనే తెరుచుకునేదట. ఆ మాట అలా నిలిచిపోయింది. ఆవిడ ముఖం గోడ వైపు తిప్పుకున్న తీరు నేను మర్చిపోలేదు. మన దగ్గర ముసలమ్మ "ఒంటికొస్తోందమ్మా" అంటే తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న మనిషికి ఏం అర్థమవుతుంది? ఆ రాత్రే ఒక చిన్న నోట్‌బుక్ మొదలుపెట్టాను. పూర్లీ అంటే ఒంట్లో బాగోలేదని, ఫన్నీ టర్న్ అంటే ఉన్నట్టుండి కళ్ళు తిరిగినట్టయిందని, నౌట్ అంటే ఏమీ లేదని. ఉత్తర ఇంగ్లండ్ ముసలివాళ్ళ దగ్గర నేర్చుకున్న మాటలతో ఆ నోట్‌బుక్ నిండిపోయింది. ఈసారి తెచ్చి చెల్లికిచ్చేశాను.

ఇంకొకటి, మన మర్యాద అంతా క్రియ చివర 'అండి'లో ఉంటుంది. "చెయ్యి చాపండి" అంటే ఎంతో గౌరవంగా అడిగినట్టే. దాన్నే ఇంగ్లిష్‌లో పెడితే "గివ్ యువర్ హ్యాండ్" అవుతుంది, మన అండి కాస్తా దారిలో జారిపోతుంది. వాళ్ళకి ఆజ్ఞలా వినబడుతుంది. వాక్యం ముందే కుడ్ యూ, చివర ప్లీజ్ పెట్టాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైంది యెస్, నో. నవ్వకండి, చెబుతాను.

ఒక సాయంత్రం భోజనం బళ్ళు వార్డులోకి వస్తున్నాయి. సిస్టర్ నన్ను చూసి, "యూ హావెంట్ గివెన్ బెడ్ ఫోర్ హర్ ఇన్సులిన్?" అని అడిగింది. నేను "యెస్" అన్నాను. నా మనసులో ఉన్నది, అవును, ఇంకా ఇవ్వలేదు అని. ఆవిడ విన్నది, ఇచ్చేశాను అని. సరేనని నాలుగో బెడ్‌కి పళ్ళెం పెట్టించింది. ఇన్సులిన్ పెన్ను, మందుల చార్టు పట్టుకుని నేను వెళ్ళేసరికి ఆవిడ సగం భోజనం చేసేసింది. చార్టులో ఆ గడి ఖాళీగానే ఉంది కాబట్టి ఇవ్వలేదనే సంగతిలో అనుమానం లేదు. షుగర్ చూశాం, డాక్టరుని అడిగాం, ఇచ్చాం. ఆవిడకేమీ కాలేదు. కానీ నన్ను ఆ క్షణంలో ఇంకో పని మీద పంపించి ఉంటే? నా యెస్ నమ్మి ఆ గడి వైపు ఎవరూ చూడకపోయి ఉంటే?

సిస్టర్ కోప్పడలేదు. "ఎందుకు యెస్ అన్నావు?" అని మాత్రం అడిగింది. జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. తెలుగులో "ఇంకా ఇవ్వలేదు కదా?" అంటే "అవును" అంటాం. మీరన్నది నిజమే అని దాని అర్థం. ఎదుటి మనిషి మాటని ఒప్పుకుంటాం. ఇంగ్లిష్ యెస్ ఎదుటి మనిషి మాటని చూడదు, పనిని చూస్తుంది. పని అయితే యెస్, కాకపోతే నో, ప్రశ్న ఎటు తిప్పి అడిగినా సరే. వ్యాకరణ పుస్తకాలు ఆర్టికల్స్‌కి, టెన్సులకి ఇచ్చినన్ని పేజీలు దీనికి ఇవ్వగా నేను చూడలేదు. అప్పట్నుంచి ఒట్టి యెస్ అనడం మానేశాను. "నో, ఐ హావెంట్ గివెన్ ఇట్." పూర్తి వాక్యం, ప్రతిసారీ.

నిన్న సాయంత్రం చదువు చాలించి ఇద్దరం ఆర్కే బీచ్‌కి నడిచాం. మురీ మిక్చర్ బండి దగ్గర ఆగాం. ఉల్లిపాయ తనకి పడదని చెల్లి ముందే చెప్పింది. అతను మరమరాలు కలుపుతూ తలెత్తి, "ఉల్లిపాయ వెయ్యొద్దు కదమ్మా?" అన్నాడు.

"ఆఁ" అంది. అతను వెయ్యలేదు.

పొట్లం అందుకుని గోడ మీద కూర్చున్నాక నేనడిగాను. "యూ డోంట్ వాంట్ ఆనియన్స్?"

య అనబోయి పెదాలు బిగించింది. ఒక అల వచ్చి వెళ్ళింది.

"నో," అంది, "ఐ డోంట్."