మా డెక్ రంగు వదిలించిన కథ

మార్చిలో రాజమండ్రి నుంచి మావయ్యగారు వచ్చారు. రెండో రోజు పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఇంటి వెనక డెక్ మీద, అంటే చెక్క పలకల అరుగు మీద, కాసేపు తిరిగి లోపలికొచ్చారు. చూస్తే అరికాళ్ల నిండా గోధుమరంగు పెచ్చులు. "అమ్మాయ్, మీ అరుగు పొట్టు రాలుస్తోందే" అన్నారు.

మాది నార్త్ కరొలైనాలోని కేరీ. డెక్ 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. దాని మీది రంగు మూడేళ్ల కిందట నేను వేసిందే. పైపైన ఊడ్చేసి సాలిడ్ స్టెయిన్ రెండు పూతలు దట్టంగా వేశాను. స్టెయిన్ అంటే చెక్కలోకి ఇంకే రంగు. ఇది పేరుకే స్టెయిన్, తీరంతా పెయింటుదే. చెక్కలోకి పెద్దగా ఇంకదు, పైన పొర కడుతుంది. చెక్కేమో కింద నుంచీ, కోసిన చివర్ల నుంచీ నీళ్లు తాగుతుంది. ఎండ కాయగానే ఆ తేమ పైకి రాబోతే పొర అడ్డం. పెచ్చులు లేవక ఏమవుతుంది?

ఒక కాంట్రాక్టరు చూసి 2,400 డాలర్లు అన్నాడు. ఊడిన చోట గీకి, మిగతాదాని మీద మళ్లీ అదే రకం వేస్తాడట. నేను చేసిన తప్పునే డబ్బిచ్చి చేయించుకోవడం ఎందుకని వద్దన్నాను.

ఏప్రిల్‌లో పని మొదలుపెట్టడం దండగ. పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీదా డెక్ మీదా పసుపు చల్లినట్టు పడుతుంది. మే దాకా ఆగాం. ఈలోపు ఇల్లు కట్టిన సంవత్సరం చూశాను, 2006. పాత డెక్‌ల చెక్కకి ఆర్సెనిక్ ఉన్న మందు పట్టించేవాళ్లు. ఇళ్ల వాడకానికి అలాంటి చెక్క తయారీ 2003 ఆఖరుతో ఆగిపోయింది. అంతకుముందుదైతే గీకిన దుమ్ము విషమే, నేను ముట్టుకునేదాన్నే కాదు. మాదానికీ మాస్కు మాత్రం తియ్యలేదు.

మావయ్యగారు స్క్రూడ్రైవర్ పట్టుకుని పలక పలకా పొడుస్తూ వెళ్లారు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. కరివేపాకు కుండ జరిపితే కింద గుండ్రంగా నల్ల మచ్చ, అక్కడ మొన అంగుళం లోపలికి దిగిపోయింది. రోజూ నీళ్లు పోసింది నేనే కాబట్టి నోరెత్తలేదు. ఆ ఒక్క పలక మార్చాం. పైకి లేచిన మేకులు పీకి డెక్ స్క్రూలు బిగించాం.

తర్వాత రంగు వదిలించే స్ట్రిప్పర్. ఘాటైన క్షారం, చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పవు. చుట్టూ ఉన్న మొక్కల్ని ముందే నీళ్లతో తడిపి పట్టా కప్పాను. పూసి, ఆరకుండా మీద నీళ్లు చిలకరిస్తూ ఇరవై నిమిషాలు ఆగితే పాత రంగు ముద్ద ముద్దగా లేచింది. కడిగాక చూస్తే చెక్క కాలిన పెనంలా నల్లబడి ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. క్షారం తగిలితే అలాగే అవుతుందట, దానికి విరుగుడు ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న బ్రైటెనర్. అది చల్లిన పది నిమిషాలకి నలుపు విరిగి తేనెరంగు తేలింది. "చింతపండుతో రాగిచెంబు తోమినట్టుందే" అన్నారాయన. రసాయనం సంగతి ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు నాకు.

కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ గొట్టం మరీ దగ్గరగా పెట్టాను. ఒక మూల చెక్క కొబ్బరిపీచులా లేచిపోయింది. అడుగు దూరం నుంచి, వెడల్పు ధారతో కొట్టాలి. ఆ పీచంతా మళ్లీ 60 నంబరు ఉప్పు కాగితంతో, తర్వాత 80తో రుద్దాల్సి వచ్చింది. ఇంకా నున్నగా రుద్దమని మావయ్యగారు ఒకటే పోరు. టేకు తలుపుకైతే సరే, ఇక్కడ మరీ నున్ననైతే స్టెయిన్ ఇంకదని నచ్చజెప్పేసరికి పూట గడిచింది. రెయిలింగ్ కడ్డీలు తొంభైకి పైనే. ఒక్కోదానికి నాలుగు వైపులు. మా వారు ఆ రెండు వారాంతాలూ ఆఫీసు కాల్స్‌లోనే ఉన్నారు, అదేం విచిత్రమో.

రంగు వెయ్యడం మాత్రం ఒక్క పూట పని. నూనె ఆధారిత సెమీ ట్రాన్స్‌పరెంట్ స్టెయిన్, అంటే చెక్క గీతలు కనపడనిచ్చేది, ఒకే పూత, రెండు గ్యాలన్లు పట్టింది. ఎండ తగలకముందే మొదలుపెట్టి, రెండేసి పలకలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఆపకుండా వేస్తే అతుకులు కనపడవు. ఇంకని నూనె పావుగంటలో తుడిచెయ్యాలి, లేకపోతే జిగురుగా ఉండిపోతుంది. తుడిచిన గుడ్డలు మడిచి గరాజ్‌లో దాచబోయారు మావయ్యగారు. ఆ నూనె ఆరుతూ వేడెక్కుతుంది, కుప్పగా పెడితే దానంతటదే అంటుకోవచ్చు. లాక్కుని నీళ్ల డబ్బాలో ముంచాను. "గుడ్డలు వాటంతట అవే కాలతాయా?" అని రాత్రి దాకా నవ్వుతూనే ఉన్నారు.

కొత్త పలకకి మాత్రం రంగు వెయ్యలేదు. మందు పట్టించిన చెక్క తడిగానే అమ్ముతారు, ఆరడానికి వారాలు, నెలలు కూడా పడుతుంది. ఆరిందో లేదో చూద్దామని నాలుగు నీటి చుక్కలు వేస్తే ముత్యాల్లా నిలబడుతున్నాయి. అవి ఇంకితేనే రంగు. మావయ్యగారు ఆగస్టులో వెళ్లిపోయారు. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మనవడితో మాట్లాడకముందే నన్ను పిలుస్తారు. "బొట్టు ఇంకిందా అమ్మాయ్?"

మొన్న చూపించాను. మూడు నిలబడే ఉన్నాయి, ఒకటి ఇంకింది.