తెల్ల కారు, బట్టల బండ

రాత్రి పదకొండున్నర దాటింది. అమ్మ ఇప్పుడే పడుకుంది. సామాను మోసీ మోసీ భుజాలు గుంజుతున్నాయి, అయినా నిద్ర రావట్లేదు. ఆ తెల్ల కారే కళ్ళ ముందు తిరుగుతోంది. రాసుకుంటే కాస్త దిగుతుందేమో అని కూర్చున్నా.

వరంగల్ కోట లోపల, మధ్యకోటలోని మా ఇంటి నుంచి తమ్ముడు వెళ్ళిపోయాడు. రంగశాయిపేటలో రెండర్రల ఇల్లు కుదిరిందని పోయిన నెల రాశాను కదా, అక్కడికే. పొద్దున్నే పాలు పొంగించి వచ్చారు. పాలు తూర్పు వైపు పొంగాయని అమ్మ సంతోషపడింది. మరదలు పరమాన్నం తెచ్చింది. అంతా బాగానే జరిగింది, దాని గురించి రాయడానికి పెద్దగా లేదు. ఎండ తగ్గాక సామాను తీసుకుపోదామని నాలుగింటికి ట్రాలీ మాట్లాడాం.

నాలుగింటికి ట్రాలీ గల్లీ మూలమీద ఆగిపోయింది. మా గేటుకు అడ్డంగా ఆ కారు. గేటుకూ బంపరుకూ మధ్య నా మోచెయ్యి పట్టేంత సందు. అద్దానికి ఎండ తగలకుండా లోపల వెండి రంగు అట్ట పెట్టుకున్నారు. అంటే ఇప్పట్లో రారన్నమాట. కారు మీద ఫోన్ నంబరు లేదు. ట్రాలీ అతను హారన్ కొట్టాడు, తమ్ముడు టికెట్ కౌంటర్ దాకా పరుగెత్తి కారు నంబరు చెప్పి అరిచి వచ్చాడు, ఎవరూ పలకలేదు. ఆదివారం, పైగా పిల్లలకు సెలవులు. కాకతీయుల నాటి రాతి తోరణాల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు.

గంటా పది నిమిషాలు. బీరువాను నలుగురం పట్టుకుని మూలమలుపు దాకా మోశాం. గేటు సందులోంచి వంకరగా తీయబోతే బీరువా తలుపు మీది పెయింటు రాసుకుపోయింది. అది మరదలి పెళ్ళి బీరువా. ఆమె ఏమీ అనలేదు, కొంగుతో ఆ గీతను రెండుసార్లు తుడిచింది. చుట్టిన పరుపుల మీద అమ్మ రోడ్డు మీదే కూర్చుంది. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు చూసుకుంటూ పోయారు. డెబ్బై రెండేళ్ళ మనిషి తన ఇంటి ముందు తాను అట్లా రోడ్డు మీద కూర్చోవడం నాకు చాలా కష్టంగా అనిపించింది. ట్రాలీ అతను వెయిటింగ్ కింద మూడు వందలు ఎక్కువ అడిగాడు. అతని తప్పేం లేదు, ఇచ్చేశాం.

కారు వాళ్ళు వచ్చారు చివరికి. చిన్న వయసు మొగుడూ పెళ్ళాలు, వెంట ఒక పెద్దావిడ. నేను గొంతు పెంచాను. ఆ అబ్బాయి మాత్రం నెమ్మదిగానే "ఇక్కడ నో పార్కింగ్ అని బోర్డేం లేదు కదండీ, అందరూ పెడుతున్నారని పెట్టాం" అన్నాడు. నాకు మాట రాలేదు. నిజంగానే బోర్డు లేదు. గీత లేదు. కార్లు ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి లేడు. హైదరాబాద్ నుంచి పిల్లలకు కోట చూపిద్దామని వచ్చినవాళ్ళకు మధ్యకోటలో ఏది గల్లీయో ఏది మా వాకిలో ఎట్లా తెలుస్తుంది?

అసలు కోపం కారు మీద కాదని అప్పుడే తెలిసింది. తమ్ముడు ఎందుకు పోవాల్సి వచ్చిందో అది గుర్తొచ్చి కోపం. పైన ఒక్క అంతస్తు వేసుకుంటే వాడు ఇక్కడే ఉండేవాడు. ఇద్దరం చెరిసగం వేసుకుంటే అప్పు కూడా పెద్దగా అయ్యేది కాదు. కానీ మా గోడ నుంచి తోరణాల కంచెకు టేపు పెట్టి కొలిస్తే ఎనభై మీటర్లు. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టొద్దు, దాని తర్వాత ఇంకో రెండు వందల మీటర్లలో అనుమతి ఉంటేనే కట్టాలి. 1992 జూన్ 16 నాటి నోటిఫికేషన్ అది, 2010లో చట్టంలోకే ఎక్కించారు. కాదని కడితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ.

కరీమాబాద్‌లో ఉండే నా దోస్తు డెబ్బై గజాల జాగలో కిందా పైనా కట్టుకున్నాడు. ఇళ్ళ పర్మిషన్ల కోసం 2020లో వచ్చిన బీపాస్ చట్టంలో డెబ్బై అయిదు గజాల దాకా పర్మిషనే అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. వాడికీ నాకూ మధ్య దూరం బండి మీద పది నిమిషాలు. ఇంటి పన్ను మాత్రం ఇద్దరం కడతాం. అమ్మయితే ఏప్రిల్‌లో కడితే అయిదు శాతం తగ్గుతుందని ఏటా నెల మొదటి వారంలోనే కట్టించి, రసీదును బిస్కెట్ డబ్బాలో పెడుతుంది. ఆ డబ్బాలో బాపు కట్టిన రసీదులు కూడా ఉన్నాయి. వాటితో పాటు బాపు దాచిన రెండు పేపర్ కట్టింగులు. 2015లో వారసత్వ నగరాల కోసం పెట్టిన హృదయ్ పథకానికి దేశంలో పన్నెండు ఊళ్ళు తీసుకుంటే అందులో వరంగల్ ఉందని ఒకటి, మరుసటేడు స్మార్ట్ సిటీల్లో పేరొచ్చిందని ఇంకొకటి. "ఇగ మన కోటకు మంచి రోజులొచ్చినయ్ రా" అన్నాడు. ఆయన ఉండి ఉంటే ఇవ్వాళ అమ్మను రోడ్డు మీద చూసి ఏమనేవాడో.

అందుకని సాయంత్రం దరఖాస్తు రాయడం మొదలుపెట్టా. రేపు సోమవారం, అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణి. అరపేజీ గబగబా వచ్చేసింది. తరతరాలుగా కోటలోనే ఉంటున్న మాలాంటి వాళ్ళకు ఒక్క అంతస్తయినా వేసుకునే వీలు ఇవ్వాలని, వంద మీటర్లను యాభైకి తగ్గించమని పైకి రాయాలని. పట్టణంలో అరవై ఆరు డివిజన్లుంటే ఇల్లు పెంచుకోవడానికి వీల్లేని బాధ మాకే ఎందుకని కూడా రాశాను.

అప్పుడు వాకిట్లో బండ గుర్తొచ్చింది.

బీరువా తీసేటప్పుడు గేటు పక్కనుండే బట్టల బండ అడ్డమొస్తోందని దాన్ని పక్కకు దొర్లించాం. తిరిగి పెట్టలేదు, వెల్లకిలా అట్లాగే ఉంది. లైటు వేసి చూస్తే హంస. ఎన్నేళ్ళయిందో దాన్ని చూసి. మెడ వెనక్కి తిప్పి, ముక్కుతో తన తోకనే అందుకుంటున్నట్టు ఉంటుంది. తోక ఈకలు ఆకుల తీగలాగా మెలికలు తిరిగి రాయి అంచు దాకా పోతాయి. ఒక కాలు విరిగింది. ముప్పై ఏళ్ళు మట్టిలో బోర్లా ఉన్నా కన్ను దగ్గర చెక్కిన గీత వేలికి తగులుతోంది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు బోరింగు దగ్గర గచ్చు చేయించారు. అప్పుడే మొదటిసారి ఆ బండను తిప్పారు. అంతకుముందు అది ఎప్పటి నుంచి అక్కడుందో నానమ్మకూ తెలీదు. ఆమె కాపురానికి వచ్చేటప్పటికే ఉందట. మేస్త్రి తిప్పి "అవ్వా, పిట్ట ఉన్నది" అన్నాడు. గల్లీలో పిల్లలందరం ఉరికొచ్చాం. బకెట్ నీళ్ళు పోసి కొబ్బరి పీచుతో రుద్దితే హంస బయటికొచ్చింది. మేస్త్రి బొమ్మ పైకే పెడదామన్నాడు, వాకిలికి అందంగా ఉంటుందని. తాత కూడా సరే అన్నాడు. నానమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "దాని రెక్కల మీద సబ్బు నురుగు పోస్తరా ఎవలన్న? దాని మీద తొక్కుతరా? బోర్ల పెట్టుండ్రి" అంది. పెట్టే ముందు నాలుగు గన్నేరు పూలు తెచ్చి హంస మెడ దగ్గర పెట్టి, దండం పెట్టుకుని, అప్పుడు తిప్పమంది. పూలు కిందనే నలిగిపోయాయి. ఆ పూల మీద ఇన్నేళ్ళు మా ఇంటి బట్టలన్నీ ఉతికారు. మా స్కూల్ నిక్కర్లు, బాపు డ్యూటీ ఖాకీ, మొన్నమొన్నటి దాకా తమ్ముడి బిడ్డ ఊలు టోపీలు.

ఆ తర్వాత నేను తోరణాల దగ్గరికి పోయి మెడ ఎత్తి చూశాను. పైన అడ్డదూలం మీద అటొకటి ఇటొకటి హంసలు. అదివరకు వందసార్లు ఆడుకోను పోయినా చూడలేదు. మా ఇంటి హంస కూడా అక్కడి నుంచి వచ్చిందేనని ఆ వయసుకే అర్థమైంది. ఆ నాలుగు తోరణాల నడుమ స్వయంభూ దేవుడి గుడి ఉండేది. 1323లో కాకతీయుల రాజ్యం పోయాక గుడి పోయింది, రాళ్ళు మిగిలాయి. ఆ రాళ్ళే ఊరయ్యాయి. మధ్యకోటలో పాత గోడ ఏది గీకినా అడుగున రెండు వరసలు నల్లరాయి కనిపిస్తుంది. మా వంటింటి గడప కింద రాయికి కూడా పూల వరస ఉంది. గిలాబు చేసి మూసేశారు.

ఇది గుర్తొచ్చాక దరఖాస్తు ముందుకు సాగలేదు. మాకు వీల్లేదని ఏడుస్తున్నా, సరే. మాకు ఒక అంతస్తు ఇస్తే పక్కవాళ్ళకూ ఇవ్వాలి. పక్కవాళ్ళు రెండు వేస్తారు. మూలమీద వాళ్ళకు డబ్బులున్నాయి, వాళ్ళు నాలుగు వేసి లాడ్జి పెడతారు. అయిదేళ్ళలో తోరణం చుట్టూ గోడే. ఇప్పుడు మా డాబా మీద నిలబడితే దక్షిణం తోరణం పైభాగం కనిపిస్తుంది, అటు ఏకశిల గుట్ట కనిపిస్తుంది. ఉక్కపోత రాత్రుళ్ళు మేమిద్దరం పైన పడుకుని దాన్ని చూసుకుంటూనే పెరిగాం. 2014లో రాష్ట్ర చిహ్నంలో ఈ తోరణాన్నే పెట్టినప్పుడు బాపు మిఠాయి పంచాడు. మా గల్లీకి అన్యాయం జరిగిందని నేను రాసిన అరపేజీలో ఆ హంస పేరు ఎక్కడా లేదు. అరపేజీ చింపేశా.

చింపాక మళ్ళీ కోపమొచ్చింది. ఈసారి వేరే కోపం.

వంద మీటర్ల లోపల కొత్తది కట్టొద్దు గానీ, 1992కు ముందు నుంచి ఉన్న ఇల్లు రిపేరు చేసుకోవచ్చు. చట్టంలోనే ఉంది, అనుమతి తీసుకోవాలి అంతే. మా ఇల్లు 1978లో వేసింది. వెనక అర్ర స్లాబు నుంచి వానాకాలమంతా నీళ్ళు కారతాయి, ఇనుము బయటపడింది. తమ్ముడు ఆ అర్రలోనే ఉండేవాడు. ఆ ఒక్క స్లాబు బాగుచేసుకుంటే కొన్నాళ్ళయినా గడిచేది. రెండేళ్ళ కింద నేను కాగితాలు పట్టుకుని తిరిగాను. ఒక ఆఫీసులో ఇది మా పని కాదు, అక్కడికి పోండన్నారు. అక్కడ దూరం కొలిచిన స్కెచ్ కావాలన్నారు. స్కెచ్ తీసుకుపోతే మొదటి ఆఫీసు సంతకం కావాలన్నారు. మూడు సెలవులు పోయాయి. నాలుగోసారికి నేనే విసిగిపోయి వదిలేశాను. అక్కడే తప్పు చేశాను. ఆ ఫైలు పట్టుకుని ఉంటే బాగుండేది. తమ్ముడు "పోనీలే అన్నా" అన్నాడు కాబట్టి వదిలేశా. వాడు అట్లా అన్నప్పుడల్లా నేను వదిలేస్తూనే వచ్చాను.

రాళ్ళను కాపాడాలన్నది నాకు నూటికి నూరుపాళ్ళూ ఒప్పుదలే. కానీ కోటలో రాళ్ళతో పాటు మనుషులున్నారు. వాళ్ళ పెళ్ళిళ్ళు, బాలింతలు, బీరువాలు అన్నీ ఆ గల్లీల్లోంచే రావాలి, పోవాలి. బడ్జెట్ వచ్చినప్పుడల్లా పేపర్లో ఖిలా అన్న మాట ఎక్కడుందా అని వెతుకుతాను. కోటకు వచ్చేవాళ్ళ కోసం ఏం చేస్తారో చదువుతాను. కోటలో ఉండేవాళ్ళ కోసం ఒక్క వాక్యం కోసం చూస్తాను.

అందుకని ఇప్పుడు మళ్ళీ రాశాను. అంతస్తు సంగతి లేదు. ఒకటి, మట్టికోట బయట, లోపలికి రాకముందే ఖాళీ జాగ చూసి కార్లు అక్కడ ఆపించండి. నడవలేని పెద్దవాళ్ళ కోసం అక్కడి నుంచి ఆటోలు ఉంటాయి, మా గల్లీ ఆటోవాళ్ళకూ నాలుగు రూపాయలు వస్తాయి. అప్పటిదాకా శని, ఆదివారాల్లో గల్లీల మొదట్లో ఒక బోర్డు, ఒక మనిషి. రెండు, కోటలో ఇల్లు రిపేరు చేసుకోవాలంటే ఏ కాగితాలు కావాలి, ఎవరికివ్వాలి, ఎన్ని రోజుల్లో చెప్తారు అన్నది తెలుగులో రాసి వార్డు ఆఫీసులో గోడకు అంటించండి. ఒకే చోట తీసుకోండి. ఇంతే. వీటికి పెద్ద డబ్బులు కూడా అక్కర్లేదనుకుంటా.

బండ సంగతి తేల్చుకోలేదు. అది కోటది. తోరణాల దగ్గర గడ్డిలో వరసగా పెట్టిన విగ్రహాల పక్కన ఉండాల్సింది. దరఖాస్తులో దాని గురించి కూడా రాద్దామా అని అమ్మను అడిగా. పడుకోబోతూ లేచి కూర్చుంది. "మీ నానమ్మ దండం పెట్టి తిప్పింది రా, అట్ల ఊకెనే ఇచ్చేస్తవా?" అంది. కాసేపాగి, "ఇస్తే మాత్రం నేనే వచ్చి ఇస్త, పూలు పెట్టి" అంది. ఇవ్వమందో వద్దందో నాకు తెలియలేదు. రాత్రికి దాన్ని బోర్లా తిప్పబోయాను గానీ ఒక్కడి వల్ల కాలేదు. రోజూ అయితే తమ్ముడు ఉండేవాడు. పాత దుప్పటి ఒకటి కప్పి వచ్చాను.

వాడు పది గంటలకు ఫోన్ చేశాడు. చిన్నది కొత్త ఇంట్లో ఏడుస్తోందట, పెద్దబాపు కావాలని. ఫోన్‌లో ఎత్తుకోమంది. బీరువా గీతకు పెయింటు దొరుకుతుందిలే, ఆ రంగు డబ్బా స్టేషన్ రోడ్డులో అడుగుతానని మరదలికి చెప్పమన్నాను. రేపు ఆఫీసుకు గంట పర్మిషన్ పెట్టా.

అమ్మ నిద్రలోంచే ఇప్పుడు పిలిచింది. మోరి సంగతి కూడా రాయమంటోంది, వాన పడితే మన గేటు ముందే నిలుస్తుంది కదా అని. నిజమే, మర్చిపోయా. మొదటి కాగితంలో జాగ లేదు. ఇంకో తెల్ల కాగితం వెతకాలి.